అవస్థాభ్యంగనం

నూట తొంభై మూడో పేజీ కంప్యూటర్లో కొడుతుండగా నీరజకు నవ్వొచ్చింది.

వెనక గదిలో మిషను ఆగింది. చేతులకంటిన సిరా గుడ్డతో తుడుచుకుంటూ యాసిన్ గుమ్మంలోకి వచ్చాడు. ప్రెస్సు అతనిది. “ఏందమ్మా నీరజా, మాస్టారి నవల్లో నవ్వే సీను గూడా ఉందా? పన్నెండు ఫారాలు అచ్చేశా, నాకు ఒక్కటీ కనపళ్ళా.”

“ఇది విను భాయ్. ‘ప్రతి నెలా మొదటి సోమవారం స్వామి విచారణ జరిపేవాడు. ఎనిమిది ఊళ్ళ జనాన్ని వరసగా నిలబెట్టి, పేరు పేరునా పిలిచి, నేరాలు ఒప్పించేవాడు.’”

“అయితే?”

“మా కతోలికుల్లో విచారణ అంటే కేసు కాదు భాయ్. ఒక స్వాములవారి కింద ఎన్ని ఊళ్ళుంటే అన్నీ కలిపి ఒక విచారణ. మీకు మసీదు కింద మొహల్లా ఉంటదే, అట్టాగ. మాది తంగెళ్ళపాడు విచారణ. ఈయన కోర్టు పెట్టించాడు పాపం.”

యాసిన్ ఒక క్షణం ఆలోచించి పెద్దగా నవ్వాడు. “అంటే మీ ఊరోళ్ళంతా వందేళ్ళ నుంచీ విచారణలోనే ఉన్నారన్నమాట. బెయిలు గూడా రాలా!”

నవల పేరు ‘తెల్ల అంగీ’. రాసింది రామబ్రహ్మం మాస్టారు. నరసరావుపేటలో ముప్ఫై ఏళ్ళు తెలుగు లెక్చరరుగా పనిచేసిన మనిషి. రిటైరయ్యాక చరిత్ర నవలలు రాస్తున్నాడు. ఇది మూడోది. వందేళ్ళ కిందట పల్నాడుకు వచ్చిన ఫాదర్ కొర్నేలియస్ అనే తెల్ల గురువు ఇందులో ప్రతినాయకుడు. రెంటచింతల అవతల, తంగెళ్ళపాడులో గుడి కట్టించింది ఆయనే. అక్కడి జనం నోట్లో ఆయన కొర్నేలి స్వామి. ఆ ఊరు నీరజ పుట్టిల్లు. ఆదివారం టౌన్‌హాల్లో పుస్తకం ఆవిష్కరణ. ఇవాళ మంగళవారం.

మాస్టారు ఈ విచారణ ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చాడో నీరజకు తెలుసు. పుస్తకం చివర అనుబంధంగా వెయ్యమని ఆయన ఒక పాత నోటుపుస్తకం జిరాక్సు పేజీలు ఇచ్చాడు. వందేళ్ళ కిందట తంగెళ్ళపాడు ఉపదేశి రాసుకున్న రోజువారీ సంగతులు అవి. ఉపదేశి అంటే స్వామి లేనప్పుడు జనం చేత ప్రార్థన చెప్పించి, పిల్లలకు బడి నడిపి, వేళకు గంట కొట్టేవాడు. ‘మా విచారణలో ఎనిమిది ఊళ్ళు గలవు. రాయప్ప కుటుంబము ఈ నెల విచారణలో చేరినది. యల్లమంద కొడుకు విచారణ విడిచి మాచర్ల వెళ్ళిపోయెను.’ తెలియనివాళ్ళు చదివితే కోర్టులాగే ఉంటుంది మరి.

నవ్వుకుంటూనే తరవాతి అధ్యాయం మొదలుపెట్టింది. రెండో పేరాకు నవ్వు పోయింది. మూడో పేరాకు వేళ్ళు ఆగాయి.

ఆ అధ్యాయంలో ఇన్నమ్మ అనే ముసలామె స్వామికి ఎదురు చెబుతుంది. స్వామి పొయ్యి మీద నూనె కాయిస్తాడు. ఉపదేశి ఆ గిన్నె తెచ్చి ఆమె పక్కన నిలబడతాడు. స్వామి మరిగే నూనె ముందు కళ్ళల్లో, తరవాత చెవుల్లో, ఆపైన చేతుల మీద, పాదాల మీద పోస్తాడు. తెల్లవారేసరికి ముసలామె ప్రాణం పోతుంది. ‘గిన్నె పట్టిన ఆ చేతులు ఒక్కసారైనా వణకలేదు’ అని అధ్యాయం ముగించాడు మాస్టారు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

నీరజ జిరాక్సు పేజీలు వెతికింది. దొరికింది. ‘శనివారము. స్వాములవారు గుఱ్ఱము మీద వచ్చిరి. ముసలి ఇన్నమ్మకు అవస్థాభ్యంగనము ఇచ్చిరి. కన్నులకు, చెవులకు, చేతులకు, పాదములకు. నేను తైలపు గిన్నె పట్టుకొంటిని. తెల్లవారి చనిపోయెను.’

కిందనే సంతకం. చిన్నప్ప ఉపదేశి.

చిన్నప్ప అంటే నీరజ తల్లి తెరేజమ్మకు తాత.

ఈ ప్రెస్సులో ఇరవై రెండేళ్ళుగా నీరజ పాటించే పద్ధతి ఒకటుంది. దీర్ఘం తప్పితే దిద్దుతుంది, వత్తు పోతే పెడుతుంది, కానీ రచయిత రాసిన మాటను ముట్టుకోదు. అనుమానం వస్తే ప్రూఫు మార్జిన్లో పెన్సిలుతో చిన్న ప్రశ్నార్థకం పెడుతుంది. ఆ పైన రచయిత ఇష్టం. ఆ మధ్యాహ్నం పదమూడో ఫారం పదహారు పేజీల మార్జిన్లలో పదకొండు ప్రశ్నార్థకాలు పెట్టింది. అన్నం డబ్బా మూత తియ్యలేదు.

మూడింటికి జోజిరెడ్డి వచ్చాడు. తంగెళ్ళపాడు గుడి జూబిలీ కమిటీ సెక్రటరీ. జూబిలీకి ఊళ్ళో ఆడబోయే నాటకం ఆయనే రాశాడు. దాని పేరు ‘కొర్నేలి మహర్షి’. అదీ ఇక్కడే అచ్చవుతోంది. కలరా వచ్చిన ఏడు స్వామి ఒక్కడే అరవై మందికి సేవ చేసినట్టూ, ఒక్కడే గోతులు తవ్వినట్టూ, ఆయన నీళ్ళు జల్లితే జ్వరాలు దిగిపోయినట్టూ రాసుకొచ్చాడు.

“బాబాయ్, ఇందులో చిన్నప్ప ఉపదేశి యాడా లేడేంది?” అని అడిగింది నీరజ.

“ఉపదేశికి ఏముంటదమ్మాయ్! స్వామి చెప్పింది చేశాడు. ఆయనకొక వేషం పెడితే స్టేజీ మీద స్వామి చిన్నగా కనపడడూ?” అని ప్రూఫులు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు జోజిరెడ్డి.

ఒక పుస్తకంలో మా ముత్తాత హంతకుడు, ఇంకో పుస్తకంలో మా ముత్తాత లేనే లేడు అనుకుంది నీరజ. రెండూ కొట్టింది తనే.

అయిదింటికి రామబ్రహ్మం మాస్టారు వచ్చాడు. ఇస్త్రీ పంచె, చేతికర్ర, భుజాన కండువా. పెళ్ళికార్డు చూసుకోవటానికి వచ్చిన ఆడపెళ్ళివారు లేచి నిలబడి నమస్కారం పెట్టారు. మాస్టారు ప్రూఫులు తీసుకుని తిరగేశాడు. కనుబొమలు ముడిపడ్డాయి.

“ఏందమ్మాయ్ ఇవి? మార్జిన్ల నిండా కొడవళ్ళు వేలాడదీశావు!”

“మాస్టారూ, అవస్థాభ్యంగనం అంటే మీరు రాసింది కాదండీ.”

“అవస్థ అంటే బాధ. అభ్యంగనం అంటే నూనె పట్టించటం. బాధపెడుతూ నూనె పొయ్యటం. తెలుగు మాటకు నువ్వు నాకు అర్థం చెబుతున్నావా?”

“మాలో ఆ మాటకు...”

“మాలో! అట్టా చెప్పు.” మాస్టారు పెళ్ళివారి వైపు చూసి చిన్నగా నవ్వాడు. “నీ మతం నీ చేత పెన్సిలు పట్టించింది. వాళ్ళ ఉపదేశే తన చేత్తో రాసుకున్నాడు, అచ్చెయ్యమని ఇచ్చాగా, చదవలా? చూడమ్మాయ్, నీ పని కొట్టడం. నేను రాసింది కొట్టు. చరిత్ర సంగతి నేను చూసుకుంటా.”

జేబులోంచి రబ్బరు తీశాడు. టేబులు అంచు మీద కాగితాలు పెట్టి, నిలబడే, పదకొండు ప్రశ్నార్థకాలనూ ఒకటొకటిగా తుడిచేశాడు. తుడిచిన పొట్టు ఉఫ్ అని ఊదాడు. అది నీరజ కీబోర్డు మీద పడింది. పెళ్ళివారు కార్డులోకి తలలు వంచారు.

ఆ గిన్నె పట్టుకున్నవాడు మా ముత్తాత అని చెబుదామనుకుంది. మాస్టారు వెళ్ళాక కీబోర్డు బోర్లించి తట్టింది.

“రెండ్రోజులు సెలవు కావాలి భాయ్. శుక్రవారం పొద్దున్నే వస్తా.”

“పదమూడో ఫారం ప్లేటు పెట్టాలి గదమ్మా?”

“శుక్రవారం పెడదాం,” అంది.

*

మాచర్ల బస్సులో పిడుగురాళ్ళ దాటాక కిటికీ చువ్వ కాలింది. ఏప్రిల్ చివర్లో రెంటచింతల వైపు గాలి పొయ్యి మీదుగా వస్తున్నట్టే ఉంటుంది. తంగెళ్ళపాడు స్టాపులో దిగి, కొంగు తలమీద కప్పుకుని నడిచింది.

తెరేజమ్మ వసారాలో గోనెపట్టా మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఎనభై దాటిన చేతులు. కాయ చూడకుండానే తొడిమ తీసి, తాలుకాయ ఎడం పక్కకు, మంచికాయ కుడి పక్కకు వేస్తోంది. పక్కన చిన్న గిన్నెలో కొబ్బరినూనె ఉంది. వేళ్ళు మండినప్పుడల్లా బొటనవేలు అందులో తాకించి రాసుకుంటుంది.

“ఏమే, చెప్పాపెట్టకుండా వచ్చావు? అల్లుడితో ఏమన్నా గొడవా?”

“గొడవ అల్లుడితో కాదు, మీ తాతతో,” అని నీరజ పక్కన కూర్చుని తనూ తొడిమలు తియ్యటం మొదలుపెట్టింది. తీస్తూ తీస్తూ అంతా చెప్పింది. కాయించిన నూనె, గిన్నె, వణకని చేతులు.

తెరేజమ్మ చేతులు ఆగలేదు. గిన్నె మాట వచ్చినప్పుడు మాత్రం ఒకసారి కాయ తప్పి, తాలుకాయ కుడిపక్కన పడింది. దాన్ని ఏరి ఎడమకు వేసింది.

“మా తాత చచ్చిపొయ్యేప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఆ చేతులు వణకలేదని రాశాడా? ఎప్పుడూ వణికేయే. అక్షరాలు దిద్దిస్తుంటే బలపం తడబడేది. మేం నవ్వేవాళ్ళం.” కొంచెం ఆగి, “తాత నోటుపుస్తకంలో ఇంకేం రాసి ఉంది?” అంది.

నీరజ ఫోనులో తీసుకున్న జిరాక్సు ఫోటోలు పెద్దవి చేసి చదివింది. ఒకచోట తల్లి చెయ్యి ఎత్తి ఆపింది. “మళ్ళీ చదువు.”

“‘స్వాములవారు నన్ను బెత్తముతో కొట్టిరి. బడి మూసి పొలమునకు పోయితినని. ఒక్క దెబ్బ. నేను మాట్లాడలేదు. మూడు దినములు గంట కొట్టలేదు. నాలుగవ నాడు స్వాములవారు మా గుమ్మము వద్దకు వచ్చి నిలుచుండిరి.’ అంతే ఉందమ్మా. తరవాత పేజీలో వానల సంగతి.”

“అంతే రాశాడా! పిచ్చి తాత.” తెరేజమ్మ మొహం విప్పారింది. “స్వామి వచ్చి గుమ్మంలో నిలబడేసరికి తాత సంకటి తింటున్నాడంట. మా నాయనమ్మకు గుండెలు జారిపోయినయ్యంట, లే లే అని సైగలు చేసిందంట. లేవలా. ముద్ద ముద్దా నిదానంగా తిన్నాడంట. దొర అట్టాగే ఎండలో నిలబడ్డాడంట, నెత్తిన టోపీ తీసి చేతిలో పట్టుకుని. తాత చెయ్యి కడుక్కుని, కండువా వేసుకుని, ఆయన పక్కనుంచే నడిచిపొయ్యి గంట కొట్టాడంట. ఇద్దరూ ఒక్క మాటనుకోలా. ఆ తరవాత దొర బెత్తం ముట్టుకోలా.”

“ఆ ముక్క మాస్టారు నవల్లో రాయలేదమ్మా.”

“ఎందుకని?”

“నూనె కాయించి చంపినోడికి ఒక్క బెత్తం దెబ్బ ఏం లెక్క? ఆనలేదు ఆయనకు.”

తెరేజమ్మ తాలుకాయల కుప్ప చేటలోకి ఎత్తింది. “కొట్టింది వదిలేసి, కొట్టంది రాశాడా? పద. రేపు పొద్దున బస్సుకే పోదాం. నువ్వు చెబితే విన్లేదుగా, నేను చూపిస్తా.”

*

మర్నాడు నరసరావుపేట ప్రకాశ్‌నగర్‌లో మాస్టారి ఇంట్లో తలుపు తీసింది ఆయన భార్య మహాలక్ష్మి. మోకాళ్ళ నొప్పులతో గోడ పట్టుకుని నడుస్తోంది. వచ్చిన ముసలామెను ఎగాదిగా చూసి, “ఎండన పడి వచ్చారు, కూర్చో వదినా,” అని ఫ్యాను వేసింది. మాస్టారు పడక్కుర్చీలో పేపరు చదువుకుంటున్నాడు. నీరజను చూడగానే మొహం బిగిసింది.

“శుక్రవారం వస్తుందన్నాడే యాసిన్. ఇంటికొచ్చావేంది?”

“మా అమ్మ మాస్టారూ. తెరేజమ్మ. చిన్నప్ప ఉపదేశి మనవరాలు.”

మాస్టారు పేపరు మడిచాడు. నవల్లో పాత్రకు ఒక మనవరాలుంటుందనీ, ఆమె బస్సెక్కి వచ్చి తన హాల్లో కూర్చుంటుందనీ ఆయన ఎప్పుడూ అనుకుని ఉండడు.

“అయ్యా, నేను పోట్లాడటానికి రాలా,” అంది తెరేజమ్మ. “నాకు చదువు తక్కువ. మా తాత పట్టుకున్న గిన్నెలో ఎంత నూనె ఉందో చూపించి పోతా. అమ్మా, ఒక చెంచాడు కొబ్బరినూనె ఉంటే ఇస్తావా?”

మహాలక్ష్మి మొగుడి వైపు చూడకుండానే వంటింట్లోకి వెళ్ళి స్టీలు చెంచా నిండా నూనె తెచ్చింది. తెరేజమ్మ దాన్ని నీరజ చేతికిచ్చింది. “నువ్వు పట్టుకో. మీ ముత్తాత పట్టుకున్నట్టు.” తరవాత మహాలక్ష్మి వైపు తిరిగింది. “ఇది ఉత్తుత్తిదే వదినా. నిజంది స్వాములే ఇవ్వాలి, అదీ బిషపు మంత్రించిన నూనెతో. నేను చెయ్యగూడదు. ఊరికే చూపిస్తా, నీకు పట్టింపు లేకపోతే.”

“నాకు పట్టింపేముంది,” అని మహాలక్ష్మి కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

తెరేజమ్మ బొటనవేలు కొస నూనెలో తాకించింది. మహాలక్ష్మి కళ్ళు మూసుకుంది. ఒక రెప్ప మీద చిన్న శిలువ గుర్తు, రెండో రెప్ప మీద ఇంకొకటి. చెవులకు. పెదవులకు. అరచేతులు తిప్పి రెండిటికీ. తరవాత ఆ ఎనభై ఏళ్ళ మనిషి నేల మీద కూర్చుని, మహాలక్ష్మి వాచిన పాదాలు ఒళ్ళోకి తీసుకుని, వాటికీ రాసింది. ఒక్కో చోటా చిటికెడు దూది పెట్టి అద్దుతున్నట్టు వేలితోనే తుడిచింది. మహాలక్ష్మి కళ్ళ కొసన నీళ్ళు తిరిగాయి.

“ఇంతే అయ్యా,” అంది తెరేజమ్మ. “కళ్ళతో చూసిన తప్పులు, చెవుల్తో విన్న తప్పులు, కాళ్ళతో నడిచిపోయి చేసిన తప్పులు, అన్నీ పోవాలని. నీరజా, చెంచా చూపించు.”

నీరజ చెంచా ముందుకు చాచింది. తన చెయ్యి వణుకుతోంది. అయినా నూనె ఒలకలేదు. చెంచా ఇంకా నిండుగానే ఉంది.

“దీంతో మనిషి చస్తదా? అవస్థ అంటే ఆఖరి అవస్థయ్యా. ప్రాణం పొయ్యే వేళ. ఇన్నమ్మ పోతా ఉందనే స్వామి గుర్రం మీద వచ్చాడు. స్వామి వచ్చాడని ఇన్నమ్మ పోలా.”

మాస్టారు చెంచాలోకి చూశాడు. ముప్ఫై ఏళ్ళు సమాసాలు విడదీసి చెప్పిన మనిషికి రెండు మాటల సమాసం ఒకటి కాళ్ళకు అడ్డం పడింది.

“మా స్వామి దేవుడని నేను అనను,” తెరేజమ్మ మోకాళ్ళ మీద చేతులూని లేచింది. “మా తాతను బెత్తంతో కొట్టాడు. ఆ ముక్క ఉంది మీ కాగితాల్లో, మీరే వదిలేశారు.” గంట సంగతి, సంకటి సంగతి, ఎండలో టోపీ తీసి నిలబడ్డ దొర సంగతి చెప్పింది. మిరపకాయల దగ్గర చెప్పినట్టే చెప్పింది, ఒక్క మాట పెంచలేదు.

మాస్టారు, “ఆదివారం ఆవిష్కరణ. కార్డులు పంచేశాం,” అన్నాడు. లేచి లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

ఆటో ఎక్కాక నీరజ కళ్ళు తుడుచుకుంది. “అనవసరంగా నిన్ను ఇంత దూరం లాక్కొచ్చా.”

“ఏడవమాకే. విన్నాడు. చెవులు రెండూ ఎర్రబడ్డయ్యి, చూడలా?” అంది తెరేజమ్మ.

*

శుక్రవారం పొద్దున నీరజ ప్రెస్సుకు రాగానే యాసిన్‌తో చెప్పింది. “భాయ్, ఆ పదమూడో ఫారం నేను తియ్యను. మిగతావి రెండూ రెడీ చేస్తా. దాన్ని ఇంకొకళ్ళ చేత తీయించుకో. నన్ను మానెయ్యమంటే మానేస్తా.”

యాసిన్ టీ గ్లాసు కింద పెట్టాడు. “ఇరవై రెండేళ్ళలో నువ్వు కాదన్న పని ఇదొక్కటే.”

“మా ముత్తాతను హంతకుడని నా వేళ్ళతో ఎట్టా అచ్చు తీసేది భాయ్?”

అప్పుడు చెప్పింది అతనికి గిన్నె ఎవరు పట్టుకున్నారో. యాసిన్ మాస్టారికి ఫోను చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. “పన్నెండు ఫారాలు అచ్చయినయ్యి, రెండు ఫారాలు కావాల్సి ఉండయ్యి, నడిమధ్యన ఒకటి లేదు. ఈ పుస్తకానికి పన్ను ఊడినట్టుంది,” అని విసుక్కుంటూ మిషను గదిలోకి వెళ్ళాడు. ఇంకొకళ్ళను మాత్రం పిలవలేదు.

ఒంటిగంటకు నీరజ అన్నం డబ్బా విప్పింది. పెరుగన్నం, మాగాయ ముక్క. రెండు ముద్దలు తిన్నాక గుమ్మంలో నీడ పడింది. తలెత్తింది. రామబ్రహ్మం మాస్టారు. కండువా తల మీద లేదు, చేతిలో ఉంది. చంకలో కాగితాల కట్ట. గడ్డం చేసుకోలేదు. నెత్తి మీద ఎండ సూటిగా పడుతోంది.

“అయ్యో, లోపలికి రండి మాస్టారూ!” నీరజ ఎంగిలి చేత్తోనే లేవబోయింది.

“లేవమాక. తిను.”

“ఎండ మాస్టారూ...”

“తెలుసు. నువ్వు తినటం అయ్యేదాకా ఇక్కడే నిలబడతా.”

నీరజకు అర్థం కావటానికి ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక మళ్ళీ కూర్చుంది. యాసిన్ వెనక గదిలోంచి వచ్చి, గుమ్మంలో మాస్టారినీ, బల్ల దగ్గర నీరజనూ చూసి, కుర్చీ తేబోయి, ఎందుకో ఆగిపోయాడు. నీరజ ముద్ద ముద్దా నిదానంగా తింది. డబ్బా మూత పెట్టింది. బయట పంపు దగ్గర చెయ్యి కడుక్కుని, మాస్టారి పక్కనుంచే లోపలికి వచ్చి, కంప్యూటరు ముందు కూర్చుని చెయ్యి చాచింది. మాస్టారు కట్ట ఆ చేతిలో పెట్టాడు.

కొత్త అధ్యాయాలు. కోర్టు లేదు, మరిగే నూనె లేదు. చెంచాడు నూనె ఉంది, ముసలి ఇన్నమ్మ రెప్పల మీద శిలువ గుర్తు ఉంది. తరవాత బెత్తం, మూడు రోజుల నిశ్శబ్దం, ఎండలో దొర.

“పదహారు పేజీల్లోనే పట్టాలమ్మా. పద్నాలుగో ఫారం పేజీ నంబర్లు మారగూడదు. పడుతుందా?”

“పట్టిస్తా.”

కొట్టుకుంటూ పోయింది. మాస్టారు పక్కనే స్టూలు మీద కూర్చుని ఒక్కో పేజీ ప్రింటు అందుకుని దిద్దాడు. అయిదింటికల్లా లెక్క చూస్తే పదిహేడున్నర పేజీలు తేలాయి. నీరజ పేరాల మధ్య సందులు బిగించింది, అయినా పేజీ పైగా మిగిలింది. ప్రింటు చేతిలోకి తీసుకుని చదువుతూ ఒకచోట ఆగింది. పెన్సిలు తీసుకుంది. మాస్టారి వైపు చూసింది.

“పెట్టమ్మాయ్. రబ్బరు ఇంట్లో పారేసి వచ్చా.”

మార్జిన్లో చిన్న ప్రశ్నార్థకం పెట్టింది. దెబ్బ తిన్న చిన్నప్ప దొర చేతిలో బెత్తం లాక్కుని, విరిచి, అన్యాయాన్ని గురించి పేజీన్నర ఉపన్యాసం ఇచ్చిన చోటు అది.

“‘నేను మాట్లాడలేదు’ అని రాసుకున్నాడు గదా మాస్టారూ.”

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని తన పేజీన్నరను చదువుకున్నాడు. తప్పు చేసి దొరికిన పిల్లవాడిలా నవ్వాడు. “విలన్ని చేస్తే మీ అమ్మ వచ్చింది. హీరోని చేస్తే నువ్వు వచ్చావు. మీ ఇంట్లో మనిషిని మనిషిగా రాయకపోతే ఒప్పుకోరే!” పెన్ను తీసి, పేజీన్నరకూ అడ్డంగా గీత కొట్టాడు. ఆ చోట మూడే మాటలు రాశాడు. చిన్నప్ప ఏమీ మాట్లాడలేదు.

సరిగ్గా పదహారు పేజీలు. చివరి పంక్తి పేజీ అడుగున గీత గీసినట్టు ఆగింది.

“భాయ్, పదమూడో ఫారం,” అని కేకేసింది నీరజ.

*

ఆదివారం సాయంత్రం టౌన్‌హాలు నిండింది. వెనక వరసల్లో జోజిరెడ్డి పదిహేను మందిని వెంటేసుకుని వచ్చి కూర్చున్నాడు. కొర్నేలి స్వామిని తిట్టిన పుస్తకం ఒకటి వస్తోందని ఎవరో చెబితే, తేల్చుకుందామని వచ్చారు. ముందు వరసలో మహాలక్ష్మి పక్కన తెరేజమ్మ ఉతికిన తెల్లచీరలో కూర్చుంది. మోకాళ్ళకు ఏ నూనె మంచిదో ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు.

మాస్టారు ఉపన్యాసం ఏమీ చెప్పలేదు. “ఈ పుస్తకంలో నాకు తెలియని తెలుగు మాట ఒకటి ఉండింది,” అన్నాడు. “దాన్ని తప్పుగా చదివి, చనిపోయిన ఇద్దరు మనుషుల మీద హత్య కట్టాను. నాకు ప్రశ్నార్థకం పెట్టి చెప్పిన మనిషిని పదిమందిలో చిన్నబుచ్చాను. అందుకని పదిమందిలోనే చెబుతున్నా. అమ్మా నీరజా, పైకి రా.”

నీరజ కొంగు సర్దుకుని మెట్లెక్కింది. మాస్టారు మొదటి ప్రతి మంత్రిగారికో, ఎమ్మెల్యేగారికో ఇవ్వకుండా ఆమె చేతుల్లో పెట్టాడు. చప్పట్లు ముందు యాసిన్ మొదలుపెట్టాడు, హాలంతా అందుకుంది. తరవాత మాస్టారు పదమూడో ఫారం లోంచి చదివాడు. దొర గుమ్మంలో నిలబడ్డ చోట ఆయన గొంతు కొంచెం తగ్గింది. చిన్నప్ప చెయ్యి కడుక్కుని నడిచిపోయి గంట కొట్టిన చోట ఆపేశాడు. వెనక వరసల్లో తంగెళ్ళపాడు మనుషులు తాము ఎందుకు వచ్చారో మర్చిపోయి, లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు.

జనం పలచబడ్డాక జోజిరెడ్డి తెరేజమ్మ దగ్గరకు వచ్చాడు. “అంతా బాగానే ఉంది గానీ పెద్దమ్మా, ఆ బెత్తం దెబ్బ సంగతి లేకుండా ఉండాల్సింది. జూబిలీ పెట్టుకుని, స్వామికి మచ్చ గదా?”

“కొట్టాడురా జోజీ. వచ్చి ఎండలో నిలబడ్డాడు గూడా. కొట్టింది తీసేస్తే, ఎందుకు వచ్చి నిలబడ్డాడో ఎవురికి తెలుస్తది? ఆయన పెద్దవాడయింది ఆ గుమ్మంలోనే.” తెరేజమ్మ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, తాత పేరున్న చోట వేలు పెట్టుకునే ఉంది. “నీ నాటకంలో మా తాత యాడా లేడంటగా?”

జోజిరెడ్డి మెడ రుద్దుకున్నాడు. “నాటకం అయిపోయింది పెద్దమ్మా. వేషగాళ్ళకు మాటలు కంఠతా వచ్చినయ్యి. ఇప్పుడు కొత్త వేషమంటే దానికి మాటలు రాయాలి, నేర్పాలి...”

“మా తాతకు మాటలెందుకురా? ఒక కంచం పెట్టు. ఒక గంట కట్టు. చాలు.”

జోజిరెడ్డి కాసేపు ఆమెనూ, ఆమె వేలు కింది పేరునూ చూశాడు. తరవాత సంచిలోంచి నాటకం ప్రూఫులు తీసి, నీరజ ముందు చాచాడు.

నీరజ హ్యాండ్‌బ్యాగు జిప్పు తీసి, పెన్సిలు కోసం వెతుక్కుంది.